ఇసుక కరువైన దీవిలో ఇనుప వల ఇల్లు: ఫెర్రోసిమెంట్‌తో సొంత చేతులతో కట్టుకోవడం సాధ్యమేనా?

శ్రీ విజయపురం: అండమాన్‌లో ఇల్లు కట్టాలనుకునే సామాన్య కుటుంబానికి మొదటి చిక్కు స్థలంతో వస్తే, రెండో చిక్కు ఇసుకతో వస్తుంది. సిమెంటు, ఇనుము చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. చుట్టూ సముద్రమే ఉన్నా, తీరంలోని ఇసుకను ఇష్టానుసారం తవ్వడానికి వీలులేదు. పైగా భూకంపాల ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతమిది. తక్కువ ఇసుకతో, తక్కువ బరువుతో, పెద్ద యంత్రాలేవీ లేకుండా ఇల్లు నిలబెట్టే పద్ధతి ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్నకు ఇంజినీర్లు తరచుగా చెప్పే సమాధానాల్లో ఫెర్రోసిమెంట్ ఒకటి. అది ఏమిటి, ఎలా పనిచేస్తుంది, విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న లంబాలైన్ వంటి బస్తీలో దానితో ఇల్లు కట్టాలంటే ఏ జాగ్రత్తలు అవసరం అన్నది పరిశీలిద్దాం.

ఎందుకీ చర్చ?

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్ నగరంలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.80 లక్షలు. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలు వీరిలో అధికం.

ఒకప్పుడు ఈ దీవుల్లో ఇల్లు అంటే కలప ఇల్లే. కర్ర స్తంభాలు, పలకల గోడలు, పైన రేకులు. 2002 మే 7న సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సులను ఆమోదిస్తూ ఇచ్చిన ఉత్తర్వులతో చెట్ల నరికివేతపై కఠిన ఆంక్షలు వచ్చాయి. తీరాల నుంచి ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది. అడవులకు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలకు అది అవసరమైన రక్షణ. అయితే ఇల్లు కట్టేవారికి కలప, ఇసుక రెండూ ఒకేసారి ప్రియమయ్యాయి. కాంక్రీటు వైపు మళ్లిన నిర్మాణ రంగం క్రషర్ల నుంచి వచ్చే రాతిపొడి మీద, ఓడల్లో వచ్చే సరుకు మీద ఆధారపడవలసి వచ్చింది.

రెండు సంవత్సరాలకే మరో దెబ్బ తగిలింది. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరానికి సమీపంలో మొదలైన 9.1 తీవ్రత గల భూకంపం సముద్రగర్భాన్ని ఉత్తరంగా అండమాన్ వరకు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చీల్చింది. పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ ప్రాంతంలోని సాగుభూముల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. సునామీలో ఇళ్లు కోల్పోయినవారు తొలుత రేకుల తాత్కాలిక నివాసాల్లో తలదాచుకున్నారు. తర్వాతి సంవత్సరాల్లో ప్రభుత్వం సుమారు 9,800 శాశ్వత గృహాలను నిర్మించింది. వాటికి కావలసిన సామగ్రిలో అధిక భాగం ప్రధాన భూభాగం నుంచే ఓడల్లో రావలసి వచ్చింది. దీవిలో ప్రతి బస్తా, ప్రతి కడ్డీ బరువు లెక్కలోకి వస్తుందని ఆ అనుభవం తెలియజేసింది.

ఫెర్రోసిమెంట్ అంటే ఏమిటి?

సాధారణ ఆర్‌సీసీలో లావైన ఇనుప కడ్డీలు దూరదూరంగా ఉంటాయి. వాటి చుట్టూ కంకర, ఇసుక, సిమెంటు కలిపిన కాంక్రీటు మందంగా పోస్తారు. ఫెర్రోసిమెంట్‌లో కంకర ఉండదు. సన్నని ఇనుప తీగల వలలను పొరలు పొరలుగా అమర్చి, వాటి కన్నాల్లోకి చిక్కని సిమెంటు మోర్టారును చేతితో, తాపీతో ఒత్తుతారు. తయారైన పలక మందం చాలా సందర్భాల్లో 25 మిల్లీమీటర్లే, అంటే ఒక అంగుళం.

ఈ పోలిక పల్లెల్లో పెరిగినవారికి కొత్త కాదు. వెదురు తడికకు రెండు వైపులా మట్టి మెత్తి గోడ చేయడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. తడిక స్థానంలో ఇనుప వల, మట్టి స్థానంలో సిమెంటు మోర్టారు వచ్చాయనుకుంటే ఫెర్రోసిమెంట్ స్వరూపం అర్థమవుతుంది. తేడా ఒకటే. తడిక మట్టిని కేవలం పట్టి ఉంచుతుంది. ఇనుప వల మాత్రం మోర్టారుతో ఏకమై బరువును మోస్తుంది.

దీని బలానికి మూలం ఇనుము పరిమాణంలో కన్నా అది పరచుకున్న తీరులో ఉంది. ఒకే బరువున్న ఇనుమును ఒక లావు కడ్డీగా కాక వందలాది సన్నని తీగలుగా పరిస్తే, మోర్టారును అంటిపెట్టుకునే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోడ వంగినప్పుడు ఒక్కచోట పెద్ద పగులు రావడానికి బదులు, కంటికి కనబడని సన్నని పగుళ్లు అనేకం ఏర్పడతాయి. ఒత్తిడి చెదిరిపోతుంది. అందువల్ల ఫెర్రోసిమెంట్ ఒక్కసారిగా విరిగిపడకుండా, వంగి హెచ్చరిక ఇచ్చే గుణం కలిగి ఉంటుంది.

పడవ నుంచి గోదాముకు

ఈ పద్ధతి ఇంటికన్నా ముందు నీటిమీద పరీక్షకు నిలిచింది. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ లూయీ లాంబో 1848లో ఇనుప తీగల అల్లికకు సిమెంటు పూసి చిన్న పడవ తయారుచేశారు. 1855లో దానికి పేటెంటు పొంది, అదే ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శనలో చూపారు. ఆ తర్వాత కాంక్రీటు యుగం లావు కడ్డీల దారి పట్టింది. సన్నని తీగల ఆలోచన దాదాపు శతాబ్దం పాటు మరుగున పడింది.

1940లలో ఇటలీ ఇంజినీరు పియెర్ లూయీజీ నెర్వీ దానిని మళ్లీ వెలికితీశారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఉక్కు, కలప కొరతగా ఉన్న రోజులవి. 3 సెంటీమీటర్ల మందం గల గోడలతో రోమ్‌లో ఒక చిన్న గోదామును ఆయన నిర్మించారు. గోడను చదునుగా కాక రేకులా మడతలు పడేలా మలచడం వల్ల అంత పలుచని పొరకు నిలబడే శక్తి వచ్చింది. 165 టన్నుల ఐరీన్ అనే ఓడ పొట్టును 35 మిల్లీమీటర్ల మందంతో తయారుచేశారు. కాగితాన్ని నిలబెడితే నిలవదు, మడిచి నిలబెడితే నిలుస్తుంది అన్న సూత్రమే ఈ నిర్మాణాలన్నిటికీ ఆధారం.

భారతదేశంలో రూర్కీలోని స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ రీసెర్చ్ సెంటర్ 1970లలో ధాన్యపు గాదెలకు, నీటి తొట్లకు ఈ పద్ధతిని అనువుగా మలచింది. పుదుచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌లో తలుపులు, పైకప్పు చానళ్లు, తొట్లు ఫెర్రోసిమెంట్‌తో తయారయ్యాయి. 250 నుంచి 10,000 లీటర్ల వరకు నీరు పట్టే ముందస్తు తయారీ ఫెర్రోసిమెంట్ తొట్లకు భారతీయ ప్రమాణాల సంస్థ 1992లో ఐఎస్ 13356 పేరుతో ప్రమాణాన్ని ప్రకటించింది.

బరువు తగ్గితే ఏమవుతుంది?

భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016) అండమాన్ నికోబార్ దీవులను భూకంప ప్రమాదం అత్యధికంగా ఉండే ఐదో జోన్‌లో ఉంచింది. భూమి కదిలినప్పుడు భవనంపై పడే బలం ఆ భవనం బరువును బట్టి ఉంటుంది. బరువైన గోడ ఎక్కువ బలాన్ని తనమీదకు తెచ్చుకుంటుంది, తేలికైన గోడకు ఆ దెబ్బ తక్కువగా తగులుతుంది.

ఒక లెక్క చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి 3 మీటర్ల ఎత్తు గోడలు కట్టాలనుకుందాం. తలుపులు, కిటికీలు మినహాయించకపోతే గోడల వైశాల్యం సుమారు 40 చదరపు మీటర్లు. 9 అంగుళాల ఇటుక గోడ అయితే రెండు వైపులా పూతతో కలిపి బరువు 19 టన్నుల దాకా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఫెర్రోసిమెంట్ గోడ అయితే చదరపు మీటరుకు 60 కిలోల చొప్పున మొత్తం 2.4 టన్నులే. ఇటుక గోడకు అడుసుకు, పూతకు కలిపి దాదాపు 5 టన్నుల ఇసుక కావాలి. ఫెర్రోసిమెంట్‌కు 1.3 టన్నులు సరిపోతుంది.

అయితే ఈ లెక్కలో సిమెంటు దగ్గర ఒక మెలిక ఉంది. ఇటుక గోడలో ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక కలుపుతారు. ఫెర్రోసిమెంట్‌లో ఒకటికి రెండే. అందువల్ల ఇసుక బాగా తగ్గినా, సిమెంటు అంతగా తగ్గదు. పై గదికి ఇటుక గోడలో సుమారు 16 బస్తాలు పడితే, ఒంటి పొర ఫెర్రోసిమెంట్‌కు 13 బస్తాలు పడతాయి. ఎండ వేడిని ఆపడానికి మధ్యలో ఖాళీ ఉంచి రెండు పొరలు కడితే సిమెంటు 26 బస్తాలకు పెరుగుతుంది. అప్పటికీ ఇసుక ఇటుక గోడకు కావలసినదానిలో సగమే. కాబట్టి ఈ పద్ధతిలో ఆదా అయ్యేది ఇసుక, ఇటుక, రవాణా బరువు. సిమెంటు ఖర్చు కూడా పడిపోతుందని ఆశించడం సరికాదు. వల ఖర్చు దానికి అదనం.

చేతులతో ఎలా కడతారు?

ఫెర్రోసిమెంట్‌కు క్రేన్లు, చెక్క ఫారాలు అక్కర్లేదు. కావలసింది ఓపిక, క్రమశిక్షణ, కనీసం నలుగురి చేతులు. పని ఈ క్రమంలో సాగుతుంది.

మొదట గట్టి నేల దాకా పునాది తీసి, దాని మీద చుట్టూ ఒకే కట్టుగా ఆర్‌సీసీ ప్లింత్ బీమ్ పోస్తారు. గోడ కడ్డీలు ఈ బీమ్‌లోనుంచే పైకి లేవాలి. తేలికైన ఇల్లు భూకంపానికి మంచిదే కాని పెనుగాలికి లేచిపోయే ప్రమాదం ఉంటుంది. పునాదితో గోడకు, గోడతో కప్పుకు తెగని లంకె ఉండటం అందుకే తప్పనిసరి.

తర్వాత 6 మిల్లీమీటర్ల కడ్డీలతో గోడ ఆకారాన్ని పంజరంలా కడతారు. నిలువు, అడ్డం కడ్డీల మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం ఉంచుతారు. తలుపులు, కిటికీల చట్రాలు, కరెంటు పైపులు ఈ దశలోనే అమర్చాలి. గోడ గట్టిపడ్డాక దానిని చెక్కడమంటే లోపలి తీగలను తెంచడమే.

పంజరానికి రెండు వైపులా వలలు తొడుగుతారు. కోళ్ల గూళ్లకు వాడే చికెన్ మెష్ చవక. చదరపు గళ్ల వెల్డ్ మెష్ బలమైనది. వల అంచులు ఒకదానిపై ఒకటి కనీసం 75 నుంచి 100 మిల్లీమీటర్లు ఎక్కాలి. పొరలన్నిటినీ బైండింగ్ వైరుతో బిగించి కట్టాలి. 15 సెంటీమీటర్లకు ఒక ముడి చొప్పున లెక్కిస్తే పై గదికే దాదాపు 1,800 ముళ్లు పడతాయి. ఈ కట్టుబడి వదులుగా ఉంటే మోర్టారు ఒత్తినప్పుడు వల ఉబ్బి, గోడ మందం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. వలలు అల్లి, చినిగితే కుట్టుకునే మత్స్యకార కుటుంబాలకు ఈ పని వేళ్లకు త్వరగా పట్టుబడుతుంది.

మోర్టారు ఇక్కడ ప్రాణం వంటిది. బరువు ప్రకారం ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ల జల్లించిన ఇసుక, సిమెంటు బరువులో 40 శాతం నీరు. అంటే 50 కిలోల బస్తాకు 20 లీటర్లు మాత్రమే. పని సులువు కావాలని మరో నాలుగు లీటర్లు పోస్తే, ఆ నీరు ఆవిరైన చోటల్లా సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. ఒక మనిషి లోపలివైపు పలక అదిమి పట్టుకుంటే, మరొకరు బయటివైపు నుంచి మోర్టారును వల గళ్లలోకి ఒత్తాలి. అవతలికి తన్నుకొని వస్తేనే లోపల ఖాళీలు లేనట్లు. మొదలుపెట్టిన గోడను వీలైనంతవరకు ఒకే రోజు ముగించాలి. ఎండిన అంచుకు మరునాడు తడి మోర్టారు అతికితే ఆ అతుకే తర్వాత నీరు దిగే దారి అవుతుంది.

చివరిది క్యూరింగ్. కనీసం రెండు వారాలు గోనె సంచులు కప్పి గోడ ఎప్పుడూ తడిగా ఉండేలా నీళ్లు పట్టాలి. ఒక అంగుళం పొర కొన్ని గంటల్లోనే ఆరిపోతుంది. ఒక పూట మరచినా గోడ అంతటా గీతల్లా పగుళ్లు రావచ్చు.

అసలు శత్రువు ఉప్పు

అండమాన్‌లో ఫెర్రోసిమెంట్ భవితవ్యాన్ని నిర్ణయించేది భూకంపం కన్నా తుప్పు. తీరప్రాంతాల్లో తీవ్ర పరిస్థితులకు ఆర్‌సీసీలో కడ్డీ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలని ఐఎస్ 456 (2000) చెబుతోంది. ఫెర్రోసిమెంట్‌లో బయటి తీగ మీద ఉండే పొర 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. లావు కడ్డీకి తుప్పు పడితే కొన్నేళ్లపాటు మిగిలిన లోహం పనిచేస్తుంది. ఒక మిల్లీమీటరు తీగ మాత్రం పూర్తిగా మాయమవుతుంది.

ఫెర్రోసిమెంట్ పడవలు సముద్రంలో దశాబ్దాలపాటు తేలిన మాట వాస్తవం. మోర్టారు నీరు చొరబడనంత దట్టంగా ఉండటం, పగుళ్లు అతి సన్నగా ఉండటం వాటిని కాపాడాయి. ఆ నాణ్యత ఇంటి గోడకూ రావాలంటే కొన్ని నియమాలు తప్పవు.

సముద్రపు ఇసుకను, ఉప్పునీటిని ఏ దశలోనూ వాడకూడదు. చట్టపరమైన నిషేధం మాట అటుంచినా, అందులోని క్లోరైడులు తుప్పును గోడ లోపలే విత్తనంలా నాటుతాయి. క్రషర్ రాతిపొడి వాడితే దానిని మంచినీటితో కడిగి, 2.36 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ వలనే ఎంచుకోవాలి. అయితే పూత ఉన్న వల, పూత లేని కడ్డీ తడి మోర్టారులో ఒకదానికొకటి తగిలినప్పుడు చిన్న బ్యాటరీలా పనిచేసి, తీగ చుట్టూ వాయు బుడగలు పుట్టవచ్చు. బుడగలున్న చోట మోర్టారు తీగను పట్టదు. వీలైతే కడ్డీలు, వలలు రెండూ ఒకే రకంగా ఉండేలా చూడటం మేలు. బయటి గోడపై నీరు దిగని పూత వేసి, దానిని క్రమం తప్పకుండా పునరుద్ధరించాలి. తుప్పు మరక కనిపించిన రోజే అక్కడి మోర్టారును తొలగించి మరమ్మతు చేయాలి.

వేడి, నిప్పు కూడా పరిగణనలోకి రావాలి. ఒంటి పొర గోడ మధ్యాహ్నపు ఎండను త్వరగా లోపలికి పంపుతుంది. 50 నుంచి 75 మిల్లీమీటర్ల ఖాళీతో రెండు పొరలు, విశాలమైన చూరు, ఎదురెదురు కిటికీలు ఉంటే ఉపశమనం. వంటగది వంటి చోట్ల పలుచని పొర మంటకు పెచ్చులూడే అవకాశం ఉన్నందున పొయ్యి వెనుక అదనపు రక్షణ అవసరం.

ఏ ఆకారం మేలు?

చదునైన పలుచని గోడ బలహీనం. వంపు తిరిగిన గోడకు ఆకారం వల్లనే బలం వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో తుపాను గాలులను తట్టుకుంటూ వచ్చిన గుండ్రని చుట్టిళ్లు ఇదే సూత్రంపై నిలిచాయి. మూలలు లేని గోడపై గాలి ఒక్కచోట పట్టు దొరకక జారిపోతుంది. ఆ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ రూపం పరాయిది కాదు. చదరపు గదే కావాలనుకుంటే మూలల్లో, గోడ మధ్యలో నిలువు పక్కటెముకలు, కప్పు మట్టంలో చుట్టూ బీమ్ తప్పనిసరి.

అనుమతుల సంగతి

ఐఎస్ 13356 నీటి తొట్లకు వర్తించే ప్రమాణం. నివాస గృహానికి దానిని యథాతథంగా అన్వయించడం కుదరదు. ఐదో జోన్‌లో ఇల్లు కాబట్టి అర్హత గల స్ట్రక్చరల్ ఇంజినీరుతో డిజైను చేయించి, పురపాలక మండలి అనుమతి పొందాకే పని మొదలుపెట్టాలి. లంబాలైన్ విమానాశ్రయానికి ఆనుకొని ఉన్నందున భవనం ఎత్తుకు సంబంధించిన నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఒక అంతస్తు ఇంటికి ఇవి పెద్ద అడ్డంకి కాకపోవచ్చు కాని, ముందే తెలుసుకోవడం అవసరం. స్వయంగా కట్టుకోవడమంటే ఇంజినీరును పక్కన పెట్టడం కాదు. కూలి ఖర్చు మిగుల్చుకోవచ్చు, లెక్కల ఖర్చు మాత్రం మిగుల్చుకోకూడదు.

ముందు తొట్టి, తర్వాత ఇల్లు

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో అధిక భాగం మే నుంచి డిసెంబరు మధ్యనే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు తగ్గి, నగరానికి ప్రధాన ఆధారమైన ధనికారి జలాశయం మట్టం పడిపోతుంది. కుళాయి నీరు రోజు విడిచి రోజుకో, అంతకన్నా అరుదుగానో వస్తుంది. ఫెర్రోసిమెంట్ పనికి ఇది ఇరకాటం. జోరువానలో మోర్టారు కారిపోతుంది. వాన లేని నెలల్లో క్యూరింగ్‌కు నీరు దొరకదు.

దీనికి పరిష్కారం కూడా ఈ పద్ధతిలోనే ఉంది. ఇంటికన్నా ముందు 5,000 లేదా 10,000 లీటర్ల వాననీటి తొట్టి కట్టుకోవడం. దానికి ప్రమాణం సిద్ధంగా ఉంది, సామగ్రి స్వల్పం, పొరపాటు జరిగినా ప్రాణాలకు అపాయం ఉండదు. గుండ్రని తొట్టి కడుతూ కుటుంబ సభ్యులు వల బిగించడం, మోర్టారు కలపడం, నీళ్లు పట్టడం నేర్చుకుంటారు. పని నాణ్యతను తొట్టే తేల్చి చెబుతుంది. నీరు నింపిన వారం రోజులకు గోడ బయట చెమ్మ కనిపిస్తే ఆ చేతులకు ఇంకా అభ్యాసం కావాలి. పొడిగా ఉంటే వానాకాలమంతా అందులో నీరు నిల్వ చేసి, జనవరిలో గోడల పని మొదలుపెట్టవచ్చు. అప్పటికి క్యూరింగ్‌కు కావలసిన నీరు పెరట్లోనే ఉంటుంది.